నోడ్ పోయిన రోజు: క్లస్టర్‌లో నడిచే అప్లికేషన్‌కు డేటాబేస్ ఎక్కడ పెట్టాలి?

పలు యంత్రాలను (నోడ్‌లను) ఒక క్లస్టర్‌గా కలిపి వాటి మీద ప్రోగ్రామ్‌లను నడిపించే కుబర్నెటిస్ మీదికి వెబ్ అప్లికేషన్‌ను ఎక్కించడం ఇప్పుడు బ్రహ్మవిద్య ఏమీ కాదు. ప్రోగ్రామ్‌ను ఇమేజ్‌గా మూట కట్టి, దాని ప్రతులు ఎన్ని నడవాలో చెప్పే డిప్లాయ్‌మెంట్ రాసి, దాని ముందు మారని చిరునామాగా ఒక సర్వీసు, ఆ ముందు బయటివారికి ద్వారంగా ఇంగ్రెస్ పెడితే పేజీ తెరుచుకుంటుంది. చిక్కంతా పేజీ వెనకున్న డేటాబేస్‌తోనే. అప్లికేషన్ పాడ్ (నడుస్తున్న ఒక ప్రతి) పోతే ఇంకొకటి లేస్తుంది, వాడేవాళ్లకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. డేటాబేస్ పాడ్ పోతే మాత్రం దాని డిస్క్ ఎక్కడుంది, ఇంకెవరైనా దాన్ని పట్టుకుని ఉన్నారా, చివరి లావాదేవీ డిస్క్ మీదికి చేరిందా అన్న ప్రశ్నలన్నీ ఒక్కసారే మీద పడతాయి.

దీన్ని ఉంచడానికి నాలుగు చోట్లున్నాయి. సొంత డిస్క్ కావలసిన ప్రోగ్రామ్‌ల కోసం కుబర్నెటిస్ ఇచ్చే స్టేట్‌ఫుల్‌సెట్ రాసుకుని క్లస్టర్‌లోనే నడుపుకోవచ్చు. క్లస్టర్‌లోనే ఉంచి, దాని బాగోగులు ఆపరేటర్ అనే ప్రోగ్రామ్‌కు అప్పగించవచ్చు. క్లౌడ్ సంస్థ తానే నడిపి ఇచ్చే మేనేజ్డ్ డేటాబేస్ తీసుకోవచ్చు. లేదా క్లస్టర్ బయట ఒక మామూలు సర్వర్ మీద మనమే పెట్టుకోవచ్చు. ఉదాహరణలకు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ తీసుకుంటున్నాను. మై ఎస్‌క్యూఎల్ వాడేవారికి పేర్లు మారతాయి కానీ తర్కం చాలావరకు ఇదే.

పెట్టడం ఎంత సులువో చూసి ఎంచుకుంటే నాలుగింటికీ పెద్ద తేడా కనిపించదు. ఏదైనా ఒక పూటలో లేచి నిలబడుతుంది. అందుకే నేను ఒకే కొలబద్ద పట్టుకుంటాను: డేటాబేస్ నడుస్తున్న యంత్రం ఉన్నట్టుండి ఆగిపోయింది. తర్వాతి పది నిమిషాల్లో ఏం జరుగుతుంది, ఆ పని ఎవరు చేస్తారు?

సొంతంగా రాసుకున్న స్టేట్‌ఫుల్‌సెట్

ముందుగా అసలు చేయకూడనిది ఒకటి చెప్పాలి, ఎందుకంటే చాలామంది మొదలుపెట్టేది అక్కడే. అప్లికేషన్‌కు రాసిన డిప్లాయ్‌మెంట్‌నే నకలు తీసి, ఇమేజ్ పేరు మార్చి, ఒక వాల్యూమ్ (పాడ్ వాడుకునే డిస్క్) తగిలించి డేటాబేస్ అయిపోయిందనుకుంటారు. నేనూ ఒకప్పుడు అదే చేశాను. వాల్యూమ్‌కు రీడ్‌రైట్‌వన్స్ అని రాసి ఉంది కదా, ఒక్క పాడే వాడుకోగలదు, భయం లేదనుకున్నాను. ఆ పేరులోని ‘ఒక్క’ లెక్క పాడ్‌లది కాదు, నోడ్‌లది. ఒకే నోడ్ మీద రెండు పాడ్‌లు పడితే ఆ వాల్యూమ్‌ను రెండూ తెరవగలవు. డిప్లాయ్‌మెంట్ మామూలు పద్ధతి కొత్త పాడ్‌ను లేపాకే పాతదాన్ని దించడం. నేను మెమరీ పరిమితి మార్చిన రోజు కొత్త పాడ్ సరిగ్గా అదే నోడ్ మీద లేచింది.

పోస్ట్‌గ్రెస్‌కు ఇలాంటివాటి నుంచి కాపాడుకునే ఏర్పాటు ఉంది. డేటా ఫోల్డర్‌లో ఒక తాళం ఫైలు పెట్టి, అందులో తన ప్రాసెస్ సంఖ్య రాసుకుంటుంది. రెండోవాడు వచ్చి ఆ సంఖ్య గల ప్రాసెస్ బతికే ఉందని చూస్తే వెనక్కి తగ్గుతాడు. కంటైనర్‌లో (పాడ్ లోపల ప్రోగ్రామ్ నడిచే విడి గదిలో) మాత్రం మొదటి ప్రాసెస్ సంఖ్య ఎప్పుడూ 1. కొత్త పోస్ట్‌గ్రెస్ ఫైలు తెరిచి 1 అని చదువుతుంది, తన సంఖ్యా 1 కాబట్టి అది తాను వెనుకటిసారి వదిలిపోయిన ఫైలే అనుకుని ముందుకు పోతుంది. షేర్డ్ మెమరీ (ప్రాసెస్‌లు పంచుకునే మెమరీ) ద్వారా చేసే రెండో తనిఖీ కూడా ఒక పాడ్ నుంచి మరో పాడ్‌లోకి చూడలేదు. ఇక రెండు సర్వర్లు ఒకే ఫైళ్ల మీద రాస్తుంటాయి. నా అదృష్టం కొద్దీ అది పరీక్షల కోసం పెట్టుకున్న డేటాబేస్. తప్పనిసరై డిప్లాయ్‌మెంటే వాడాల్సి వస్తే, పాతది పూర్తిగా దిగాకే కొత్తది లేచే రీక్రియేట్ పద్ధతి పెట్టండి. కుబర్నెటిస్ 1.29 నుంచి స్థిరపడిన రీడ్‌రైట్‌వన్స్‌పాడ్ అయితే పేరుకు తగ్గట్టే ఒక్క పాడ్‌కే డిస్క్ ఇస్తుంది.

ఇక స్టేట్‌ఫుల్‌సెట్. 2016లో పెట్‌సెట్ అన్న పేరుతో వచ్చి, అదే ఏడాది పేరు మార్చుకుని, 2017 చివర 1.9 వెర్షన్‌లో స్థిరపడింది. ఇది ఇచ్చేవి మూడు: మారని పేరు, ప్రతి పాడ్‌కూ సొంత డిస్క్, లేచే, దిగే వరస. అంతకుమించి దానికి పోస్ట్‌గ్రెస్ అంటే ఏమిటో తెలియదు. ప్రతుల సంఖ్య 1 నుంచి 3కు పెంచితే మీ డేటాకు మూడు నకళ్లు రావు, సంబంధం లేని మూడు డేటాబేస్‌లు వస్తాయి. వాటి ముందు మామూలు సర్వీసు ఉంటే వాడకందారు నమోదు ఒకదాంట్లో పడుతుంది, లాగిన్ ఇంకొకదాంట్లో వెతుకుతుంది. మూడింటి మధ్య రెప్లికేషన్ (ఒకదాని డేటాను మిగిలినవాటికి నకలు చేయడం) కలపడం, రాతలు తీసుకునే ప్రైమరీ పోతే ఇంకొకదాన్ని నిలబెట్టడం, బ్యాకప్ తీయడం మన పనే.

నోడ్ పోతే ఏమవుతుంది? ఒక నిమిషం లోపే నోడ్ పలకడం లేదని క్లస్టర్ గుర్తిస్తుంది. మామూలు అమరికలో ఇంకో 300 సెకన్లు ఆగి పాడ్‌ను తొలగించమంటుంది. ఆ మాట వినాల్సింది పోయిన నోడే కాబట్టి పాడ్ ‘తొలగుతోంది’ అన్న స్థితిలోనే వేలాడుతుంది, దాని బదులు కొత్తది లేవదు. ఇది లోపం అనుకోకండి, కావాలనే అలా చేశారు. నోడ్ నిజంగా చచ్చిపోయిందో, నెట్‌వర్క్ తెగి అటువైపు డేటాబేస్ ఇంకా రాసుకుంటూనే ఉందో క్లస్టర్‌కు తెలియదు. క్లౌడ్‌లో అయితే యంత్రమే లేకుండా పోయిందని తెలిశాక నోడ్ నమోదు చెరిగిపోయి కథ కదులుతుంది. సొంత యంత్రాల మీద అయితే మనిషి వచ్చి, నోడ్ కరెంటు నిజంగా పోయిందని నిర్ధారించుకుని, పాడ్‌ను బలవంతంగా తొలగించాలి. ఆ తర్వాత కూడా డిస్క్‌ను పాత నోడ్ నుంచి ఊడదీసి కొత్తదానికి తగిలించడానికి క్లస్టర్ ఆరు నిమిషాల దాకా వేచి చూడవచ్చు.

అందుకని ఇది పరీక్షల వాతావరణానికి, లోపలి వాళ్లు మాత్రమే వాడే చిన్న పనిముట్లకు, ఒక గంట ఆగినా కొంప మునగని చోట్లకు సరిపోతుంది. అక్కడ వాడేటప్పుడు మూడు గుంటలు చూసుకుని అడుగేయండి. కొత్త డిస్క్ మూలంలో ఫైల్ సిస్టమ్ తన సొంత ఫోల్డర్ ఒకటి పెట్టుకుని ఉండవచ్చు. ఖాళీగా లేదని పోస్ట్‌గ్రెస్ మొరాయిస్తుంది కాబట్టి డేటాను ఒక ఉపఫోల్డర్‌లోకి మళ్లించాలి. పాడ్ దిగడానికి ఇచ్చే గడువు మామూలుగా 30 సెకన్లు, పని ఒత్తిడిలో ఉన్న డేటాబేస్‌కు అది చాలదు. కంటైనర్‌కు షేర్డ్ మెమరీ 64 మెగాబైట్లే దక్కుతుంది, పెద్ద క్వెరీని నాలుగు ప్రాసెస్‌లు పంచుకున్నప్పుడు డిస్క్‌లో బోలెడు చోటు ఉండగానే ‘చోటు లేదు’ అని తప్పు చూపిస్తుంది.

ఆపరేటర్

2016లో కోర్‌ఓఎస్ అనే సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఆలోచన ఇది: డేటాబేస్ నడిపే మనిషికి తెలిసిన విద్యను ఒక ప్రోగ్రామ్‌గా రాసి క్లస్టర్‌లో కూర్చోబెట్టడం. పోస్ట్‌గ్రెస్‌కు క్లౌడ్‌నేటివ్‌పీజీ, జలాండో, క్రంచీ ఆపరేటర్లు, మై ఎస్‌క్యూఎల్‌కు పెర్కోనా ఆపరేటర్ ఉన్నాయి. వీటిలో క్లౌడ్‌నేటివ్‌పీజీ స్టేట్‌ఫుల్‌సెట్‌ను పక్కన పెట్టి పాడ్‌లనూ డిస్క్‌లనూ తానే నేరుగా చూసుకుంటుంది. పైన చెప్పిన వేలాడే పాడ్ గొడవ చూశాక అది ఎందుకో అర్థమవుతుంది.

ప్రైమరీ ఉన్న నోడ్ పోతే ఆపరేటర్ గమనించి, మిగిలిన రెప్లికాల్లో (నకలు ప్రతుల్లో) అందరికంటే ముందున్నదాన్ని ప్రైమరీ చేసి, రాతలు వెళ్లే సర్వీసును అటు తిప్పుతుంది. ఆ రెప్లికా వేరే నోడ్ మీద తన సొంత డిస్క్‌తో అప్పటికే నడుస్తోంది, కాబట్టి డిస్క్ ఊడదీసి తగిలించే పని లేదు. అప్లికేషన్ కనెక్షన్లు తెగుతాయి, అది మళ్లీ కలుపుకోగలగాలి.

దీనికి ఒక ధర ఉంది. రెప్లికేషన్ అసింక్రనస్‌గా ఉంటే ప్రైమరీ ‘సరే’ అన్నా రెప్లికాకు చేరని చివరి లావాదేవీలు పోతాయి. సింక్రనస్ పెడితే అవి పోవు, కానీ ప్రతి కమిట్ (లావాదేవీని ఖాయం చేయడం) రెండో యంత్రం జవాబు కోసం ఆగుతుంది. వ్యాఖ్యలు పోతే పోనీ అనవచ్చు, చెల్లింపులకు ఆ మాట అనలేరు. ఇది వ్యాపారం నడిపేవారిని అడిగి తేల్చుకోవలసింది, ఇంజినీరు ఒక్కడే కూర్చుని నిర్ణయించేది కాదు.

ఇంకొన్ని చోట్ల జాగ్రత్త కావాలి. క్లస్టర్‌కు ఆదేశాలన్నీ వెళ్లే ఏపీఐ సర్వర్ పడిపోతే డేటాబేస్ నడుస్తూనే ఉంటుంది కానీ ఆపరేటర్ చేతులు కట్టేసినట్టే. ఆపరేటర్‌ను కొత్త వెర్షన్‌కు మారిస్తే డేటాబేస్ పాడ్‌లు కూడా వరసగా పునఃప్రారంభం కావచ్చు, కాబట్టి అది మధ్యాహ్నం రద్దీలో చేసే పని కాదు. స్టోరేజీ తానే ప్రతి బ్లాకుకూ మూడు నకళ్లు ఉంచే రకమై, దాని మీద మూడు పోస్ట్‌గ్రెస్ ప్రతులు పెడితే, ఒకే వరుస తొమ్మిది చోట్ల రాయబడుతుంది. ఆపరేటర్ ఎలాగూ నకళ్లు ఉంచుతోంది కాబట్టి నోడ్ సొంత డిస్క్ ఇవ్వడమే మేలు, వేగమూ వస్తుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లోని ఒక విభాగం) తొలగింపు. అప్పటికప్పుడు పుట్టించిన డిస్క్‌లకు మామూలుగా ఉండే నియమం ‘హక్కుదారు పోతే డిస్క్ కూడా చెరిపేయి’ అన్నదే. పొరపాటున నేమ్‌స్పేస్ తొలగిస్తే ప్రైమరీ, రెప్లికాలు, వాటి డిస్క్‌లు కట్టగట్టుకుని పోతాయి. ఆ నియమాన్ని రిటైన్‌కు (డిస్క్‌ను ఉంచెయ్యి) మార్చడం, బ్యాకప్‌ను క్లస్టర్ బయట వేరే ఖాతాలో ఉంచడం మొదటి రోజే జరగాలి.

మేనేజ్డ్ డేటాబేస్

అమెజాన్ ఆర్‌డీఎస్ 2009లో వచ్చింది; గూగుల్ క్లౌడ్ ఎస్‌క్యూఎల్, మైక్రోసాఫ్ట్ అజ్యూర్ సేవలు అదే దారి. నోడ్ పోతే మీరు చేయవలసింది దాదాపు ఏమీ ఉండదు. వేరే జోన్‌లో (అదే ప్రాంతంలోని విడి డేటా కేంద్రంలో) నిలబెట్టిన స్టాండ్‌బై అనే అదనపు ప్రతి పని అందుకుంటుంది. ఆర్‌డీఎస్‌లో ఇది సాధారణంగా 60 నుంచి 120 సెకన్లు పడుతుందని అమెజాన్ పత్రాలే చెబుతాయి. ఒక మెలిక ఉంది: ఇదంతా స్టాండ్‌బైకి కూడా డబ్బు కడితేనే. ఒక్క యంత్రమే తీసుకుని ‘క్లౌడ్ చూసుకుంటుందిలే’ అనుకునేవాళ్లు తక్కువేమీ కాదు. ఇంకొకటి, డేటాబేస్ పేరు మారదు కానీ దాని వెనక చిరునామా మారుతుంది. పాత చిరునామానే గుర్తుపెట్టుకునే అప్లికేషన్ ఖాళీ ఇంటి తలుపు కొడుతూనే ఉంటుంది.

ఇక్కడ వదులుకునేవి కూడా చూడాలి. సూపర్‌యూజర్ (అన్ని అధికారాలూ గల వాడకందారు) హక్కు మీకు ఉండదు, వాళ్ల జాబితాలో లేని ఎక్స్‌టెన్షన్ పెట్టుకోలేరు, పాత వెర్షన్‌కు మద్దతు వాళ్ల క్యాలెండర్ ప్రకారం ముగుస్తుంది. దూరం సంగతి చాలామంది మరిచిపోతారు. అప్లికేషన్ పాడ్ ఒక జోన్‌లో, డేటాబేస్ ఇంకో జోన్‌లో ఉండి, ఒక్కో క్వెరీకి రానుపోను ఒక మిల్లీసెకను పట్టిందనుకోండి. ఒక పేజీకి 200 క్వెరీలు వేసే అప్లికేషన్‌కు 200 మిల్లీసెకన్లు దారి ఖర్చుల్లోనే పోతాయి. తప్పు నిజానికి 200 క్వెరీలది. పక్కపక్కన ఉన్నంతకాలం అది కనిపించలేదు, అంతే.

జట్టులో డేటాబేస్ పనే తన పనిగా చూసుకునే మనిషి లేకపోతే, క్లౌడ్‌లో ఉన్నవారు ఇంకేమీ ఆలోచించకుండా దీన్నే తీసుకోవాలని నా అభిప్రాయం. బిల్లు ఎక్కువ అనేవారు పోల్చవలసింది ఖాళీ సర్వర్ అద్దెతో కాదు. బ్యాకప్ పరీక్షలు, వెర్షన్ మార్పులు, అర్ధరాత్రి మేలుకోవడం కలిపిన మనిషి జీతంతో పోల్చాలి. చిన్న డేటాబేస్‌లు పదులూ వందలూ నడపాల్సిన చోట లెక్క తిరగబడుతుంది; ఒక్కోదానికీ విడిగా కట్టే ధర కంటే ఒక ఆపరేటర్‌ను బాగా నేర్చుకోవడమే చవక.

క్లస్టర్ బయట మామూలు సర్వర్

పాతకాలపు పద్ధతి అని దీన్ని చిన్నచూపు చూస్తారు. కుబర్నెటిస్ తన సొంత డేటాబేస్ విషయంలో ఏం చేస్తుందో చూడండి. దాని స్థితి అంతా ఎట్‌సీడీ అనే డేటాబేస్‌లో ఉంటుంది. మామూలుగా ఆ ఎట్‌సీడీని క్లస్టర్‌ను నడిపించే కంట్రోల్ యంత్రాలకే కట్టేసి, ఆ యంత్రం డిస్క్ మీదే నడుపుతారు, లేదా పూర్తిగా వేరే యంత్రాల మీద పెడతారు. ఏ పాడ్ ఏ నోడ్ మీద నడవాలో తేల్చే షెడ్యూలర్ దాన్ని అటూ ఇటూ కదపదు.

సొంత యంత్రాల మీద క్లస్టర్ కట్టుకుని, నమ్మదగిన స్టోరేజీ ఇంకా కుదరని చోట నా ఓటు దీనికే. మీ దగ్గర పోస్ట్‌గ్రెస్‌ను ఏళ్లుగా నడిపిన మనిషి ఉంటే, ప్రైమరీ పోతే ఇంకొకదాన్ని నిలబెట్టే పాట్రోనీ అనే ప్రోగ్రామ్‌తో రెండు మూడు యంత్రాలు కలిపి పెట్టుకుంటే, నోడ్ పోయిన రోజు ఆపరేటర్‌తో సమానంగా నిలబడుతుంది. సెలెక్టర్ (ఏ పాడ్‌లకు పంపాలో చెప్పే షరతు) లేని సర్వీసు ఒకటి పెట్టి బయటి చిరునామాను దానికి అతికిస్తే, అప్లికేషన్‌కు డేటాబేస్ లోపలున్నట్టే కనిపిస్తుంది. తర్వాత చోటు మార్చినా అమరికలు ముట్టుకోనక్కరలేదు.

ఎక్కడ పెట్టినా వెంటాడేవి

కనెక్షన్ల లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి. పోస్ట్‌గ్రెస్ మామూలుగా 100 కనెక్షన్లు ఇస్తుంది, అందులో 3 సూపర్‌యూజర్‌కు పక్కన ఉంచుతుంది, మిగిలేవి 97. మీకు 6 అప్లికేషన్ పాడ్‌లు, ఒక్కోదానికి 15 కనెక్షన్ల పూల్ (తెరిచి ఉంచుకునే కట్ట) ఉంటే 90. హాయిగా సరిపోయింది. కొత్త వెర్షన్ పంపిన రోజు డిప్లాయ్‌మెంట్ 25 శాతం అదనంగా లేపుతుంది. 6లో 25 శాతం ఒకటిన్నర, దాన్ని పైకి సవరించి 2 చేస్తుంది. 8 పాడ్‌లు, 120 కనెక్షన్లు. పూల్‌లు నిండేంత రద్దీ ఉంటే, కొత్త వెర్షన్ పంపిన ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు తప్పులు వచ్చి వాటంతట అవే పోతాయి, అందరూ కొత్త కోడ్‌ను అనుమానిస్తారు.

దీనికి మందు పీజీబౌన్సర్ లాంటి పూలర్ (కొన్ని కనెక్షన్లను అందరికీ పంచే మధ్యవర్తి), లావాదేవీకి ఒకసారి కనెక్షన్ పంచే పద్ధతిలో. 2023లో వచ్చిన 1.21 వెర్షన్ నుంచి ఈ పద్ధతిలో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (ముందే సిద్ధం చేసుకున్న క్వెరీలు) కూడా నడుస్తాయి. సెషన్ అంతటా పట్టుకునే అడ్వైజరీ తాళాలు (అప్లికేషన్ తన అవసరానికి వేసుకునేవి) మాత్రం నమ్మకంగా నడవవు, కాబట్టి వాటి మీద ఆధారపడే మైగ్రేషన్ (టేబుళ్ల నిర్మాణం మార్చే) పనిముట్టును పూలర్ దాటించి నేరుగా డేటాబేస్‌కు కలపాలి.

మైగ్రేషన్లను ఇనిట్ కంటైనర్‌లో (పాడ్‌లో అప్లికేషన్ కంటే ముందు నడిచేది) పెట్టడం చూడ్డానికి బాగుంటుంది, కానీ పాడ్‌లు ఎన్ని ఉంటే అన్నిసార్లు అది పరిగెత్తుతుంది. రైల్స్ వంటి వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లు తాళం వేసుకుని కాచుకుంటాయి, జాంగో తానుగా తాళం వేయదు. విడిగా ఒక జాబ్‌గా ఒక్కసారి నడిపి, అది ముగిశాకే కొత్త పాడ్‌లను లేపడం మంచిది. అప్పుడు కూడా పాత కోడ్, కొత్త కోడ్ కొంతసేపు కలిసి నడుస్తాయి కాబట్టి కాలమ్ పేరు ఒకే దెబ్బకు మార్చకూడదు. కొత్త కాలమ్ చేర్చి, రెండింటిలో రాసి, పాత డేటా నింపి, చదవడం కొత్తదాని నుంచి మొదలుపెట్టి, తర్వాతి విడుదలలో పాతది తీసేయాలి.

బ్యాకప్ గురించి, కోడ్ దాచుకునే సేవ అయిన గిట్‌ల్యాబ్ 2017లో దాచకుండా బయటపెట్టిన అనుభవం చాలు. జనవరి 31న ఒక ఇంజినీరు పొరపాటున ప్రైమరీ డేటా ఫోల్డర్‌ను చెరిపేశారు. బ్యాకప్ తీసే పీజీ డంప్ ప్రోగ్రామ్ తప్పు వెర్షన్‌ది కావడంతో చాలాకాలంగా విఫలమవుతోంది, ఆ హెచ్చరికల మెయిళ్లు ఎవరికీ చేరలేదు. చివరికి అంతకు ఆరు గంటల ముందు యాదృచ్ఛికంగా తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణపు డిస్క్ నకలు) ఒకటి వాళ్లను ఆదుకుంది. మధ్యలోని డేటా పోయింది. రెప్లికాలు బ్యాకప్‌కు బదులు కావని కూడా గమనించండి. డేటాబేస్‌కు పొరపాటున ఇచ్చిన తొలగింపు వాక్యాన్ని కూడా రెప్లికా నమ్మకంగా నకలు చేస్తుంది. మీరు ఎంచుకున్న చోట, గడిచిన ఏ నిమిషానికైనా వెనక్కి వెళ్లే వీలు ఉందా అని అడగండి. మేనేజ్డ్‌లో అది దాదాపు సిద్ధంగా ఉంటుంది, ఆపరేటర్‌లో కొన్ని వాక్యాల అమరిక, మిగిలిన రెండింటిలో మీ చెమట.

ఇంకా రెండు చోట్ల మధ్య ఊగుతుంటే వాదించుకోవడం ఆపి ఒక మధ్యాహ్నం ఖర్చు చేయండి. ఒక సంఖ్య, సమయం, రెండే కాలమ్‌లు ఉన్న టేబుల్ పెట్టండి. ఒక చిన్న ప్రోగ్రామ్ సెకనుకు పది వరుసలు రాస్తూ, డేటాబేస్ ‘సరే’ అన్న ప్రతి సంఖ్యనూ తన దగ్గర ఫైల్‌లో రాసుకోవాలి. అది నడుస్తుండగా ప్రైమరీ ఉన్న యంత్రాన్ని మర్యాదగా దించకుండా ఒక్కసారిగా ఆపేయండి. మేనేజ్డ్ అయితే బలవంతపు ఫెయిలోవర్ (పనిని స్టాండ్‌బైకి మార్చే) మీట నొక్కండి. రాతలు మళ్లీ మొదలయ్యాక ఫైల్‌నూ టేబుల్‌నూ పక్కపక్కన పెట్టి, ఎన్ని సెకన్లు ఆగిందో, ఫైల్‌లో ఉండి టేబుల్‌లో లేని సంఖ్యలు ఎన్నో లెక్కపెట్టండి. ఆ మధ్యలో మీ జట్టులో ఎవరెవరు కీబోర్డు ముట్టుకోవాల్సి వచ్చిందో కూడా రాసుకోండి.